ఆయిలు ప్రెషరు తగ్గితే స్ప్రింగు బిగించడమే మందు కాదు

హంసలదీవి, కోడూరు, నాగాయలంక వంటి శివారు ప్రాంతాల్లో కాలువ నీరు చాలనప్పుడు చిన్న రైతుకు దిక్కు ఆయిలింజనే. సరిగ్గా ఊడ్పుల వేళ ఇంజను పట్టేసిందంటే ఆకుమడిలో నారు ముదిరిపోతుంది. క్రాంకుకు చెక్కుడు, కొత్త బేరింగులు, మెకానిక్కు కూలి అన్నీ ఒకేసారి నెత్తిన పడతాయి. అందుకే ప్రెషరు గేజి ముల్లు కిందికి దిగుతుంటే ఇంజను ఆపి కారణం వెదకాలి. (చిమ్ముడు పద్ధతిలో ఆయిలు అందే నిదానపు ఇంజన్లకు ఈ గేజి, రెగ్యులేటరు ఉండవు. వాటికి ఆయిలు మట్టం చూసుకుంటే చాలు.)

చాలామంది చేసే పని ఒకటుంది. రెగ్యులేటరు విప్పి, స్ప్రింగు కింద ఒకటో రెండో వాషర్లు వేసి బిగిస్తారు. ముల్లు కాస్త లేస్తే రోగం కుదిరిందనుకుంటారు. ఇది మంచిది కాదు. ఎందుకో చూడండి.

పంపు ఆయిలును తోస్తుంది, అంతే. బేరింగుల సన్నని సందుల్లోంచి పోయేటప్పుడు ఆ ఆయిలుకు తగిలే అడ్డు వల్లే ప్రెషరు పుడుతుంది. రెగ్యులేటరు చెరువుకు కళింగ లాంటిది. ప్రెషరు ఎక్కువైతే గుండునో పిస్టన్నో నెట్టుకుని మిగులు ఆయిలు సంపులోకి పోతుంది. బేరింగులు అరిగాయంటే కట్టకు గండి పడ్డట్టే. గండి ఉండగా కళింగ ఎత్తు పెంచితే చెరువు నిండుతుందా? వేడెక్కినప్పుడు అసలా వాల్వు తెరుచుకోనే తెరుచుకోదు, ఇక స్ప్రింగు బిగించి లాభమేమిటి? పైగా చలి పొద్దున ఆయిలు చిక్కగా ఉన్నప్పుడు ప్రెషరు మితిమీరి ఫిల్టరు వాషరు చిట్లవచ్చు. వాషర్లు మరీ ఎక్కువైతే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుని వాల్వు తెరుచుకోకుండా పోతుంది.

గట్టి రెగ్యులేటరు వేసుకునే వాళ్లు లేకపోలేదు. మజ్దా కంపెనీ 1967లో కాస్మో స్పోర్ట్ కారుతో రోటరీ ఇంజను అమ్మకానికి తెచ్చింది. అందులో తిరిగే రోటర్లను చల్లబరిచేదీ ఆయిలే. పందేల కోసం అలాంటి ఇంజన్లను బాగా వేగంగా తిప్పేవాళ్లు ఎక్కువ ప్రెషరు రెగ్యులేటరు బిగిస్తారు. అదీ బేరింగులు, పంపు బాగున్న ఇంజనుకే. 1500 చుట్ల మన ఇంజనుకు ఆ అవసరం లేదు.

మరి ఏం చేయాలి? ముందు ఆయిలు మట్టం చూడండి. తర్వాత మెకానిక్కు దగ్గర మంచి గేజి తగిలించి, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట లోడు మీద నడిపాక ఒకసారి అంకె రాసుకోండి. ఇంజనుతో వచ్చిన పుస్తకంలోని అంకెతో పోల్చండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక పడిపోతే ఆయిలు పలచబడి ఉండాలి, లేదా బేరింగులు అరిగి ఉండాలి. రెండు వేళలా తక్కువే ఉంటే వాల్వు కింద నలక, సాగిలబడ్డ స్ప్రింగు, మూసుకున్న జాలీ, అరిగిన పంపు, వీటిలో ఏదో ఒకటి అనుమానించండి.

ఆయిలుపుల్ల తీసి వాసన చూడండి. డీజిలు వాసన కొడుతూ, ఆయిలు మట్టం పెరిగి ఉంటే నాజిలు కారుతోందన్నమాటే. నాజిలు బాగుచేయించకుండా ఆయిలు మారిస్తే డబ్బు దండగ. చిక్కదనం కోసం గేరాయిలు కలిపేవాళ్లున్నారు, ఆ పని వద్దు. పుస్తకంలో చెప్పిన గ్రేడే పోయండి.

రెగ్యులేటరు విప్పేటప్పుడు బోల్టు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టుకోండి. గుండును, స్ప్రింగును శుభ్రమైన డీజిలులో కడగండి. గుండు కూర్చునే చోటును ఎమ్రీ కాగితంతో రుద్దకండి, గీత పడితే ఆయిలు కారుతూనే ఉంటుంది. స్ప్రింగును కొత్తదాని పక్కన నిలబెట్టి చూస్తే పొట్టిదైందో లేదో తెలిసిపోతుంది. తేడా ఉంటే అదే కంపెనీ స్ప్రింగు వేయండి. లెక్కపెట్టిన చుట్లకే తిరిగి బిగించి, కొత్త రాగి వాషరు వేయండి.

సముద్రం ఒడ్డున మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఉప్పుగాలికి డీజిలు ట్యాంకు, గేజి గొట్టం తుప్పు పడతాయి. వరదకో తుపానుకో ఇంజను మునిగితే, నీళ్లు దిగాక హాండిలు తిప్పి చూడకండి. ఆయిలు పాలు కలిపిన టీలా ఉంటే నీరు చేరిందని అర్థం. మొత్తం దించేసి, సంపు, జాలీ కడిగించి, కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు వేయించిన తర్వాతే తిప్పండి.