శీతల యంత్రాలలో సంకేత లోపాలు: తనిఖీ విధానం

గదిలోని వేడిమిని, చలిని విద్యుత్తు ద్వారా దూరాన ఉన్న మనిషికి తెలియజేయవచ్చునని తలచినవారిలో ఒక అధ్యాపకుడు కలడు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, వైట్‌వాటర్ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన వారెన్ జాన్సన్ 1883లో విద్యుత్ థర్మోస్టాట్‌కు పేటెంటు పొందినాడు. గది చల్లబడిన సంగతి క్రింద కొలిమి చూచే పనివానికి గంట ద్వారా తెలిసేది. తీగ తెగినచో కొలిమి మండుతూనే ఉంటుంది, గది మాత్రం చల్లగానే ఉంటుంది. నేడు మన ఇళ్లలోని శీతల యంత్రాలలో కలిగే అనేక లోపాల స్వభావం ఇదే. వాటిని క్రమపద్ధతిలో కనుగొనే విధానాన్ని ఈ వ్యాసంలో విద్యార్థులకు వివరింప దలచినాము.

స్ప్లిట్ ఏసీలో గది లోపల ఒక యూనిట్, బయట ఒక యూనిట్ ఉంటాయన్నది అందరూ ఎరిగినదే. పాత తరహా ఏసీలలో లోపలి రిలే కలిసినప్పుడు 230 వోల్టుల విద్యుత్తు బయటికి పోయి కంప్రెసరును నడుపుతుంది. అక్కడ ఉన్నది ఆజ్ఞ మాత్రమే. ఇన్వర్టర్ ఏసీలలో అట్లు కాదు. రెండు యూనిట్లలోను మైక్రోప్రాసెసర్ గల బోర్డులు ఉంటాయి. కంప్రెసరు ఎంత వేగంతో తిరగవలెనో లోపలి బోర్డు తెలుపుతుంది. తన స్థితి ఎట్లున్నదో బయటి బోర్డు బదులు చెబుతుంది. సాధారణంగా ఈ రెండింటి నడుమ నాలుగు తీగలు కలవు: ఫేజు, న్యూట్రల్, సిగ్నల్, ఎర్త్. చాలా నమూనాలలో సిగ్నల్ తీగ న్యూట్రల్‌ను ఆధారంగా చేసుకొని విద్యుత్ స్పందనలను మోస్తుంది. కొంతసేపు బదులు రాకపోతే యంత్రం ఆగిపోయి ఒక లోప సంకేతాన్ని చూపుతుంది. డైకిన్ యంత్రాలలో యు4, ఎల్‌జీ యంత్రాలలో సీహెచ్05 అటువంటివే.

ఇక్కడ గ్రహింపవలసిన ముఖ్య విషయం ఒకటి ఉన్నది. ఆ సంకేతానికి ‘బోర్డు కాలిపోయినది’ అని అర్థం కాదు. ‘బదులు రాలేదు’ అని మాత్రమే అర్థం. బదులు రాకపోవడానికి కారణాలు పలు విధాలు. అయినను మొదటనే బోర్డు మార్చవలెనని చెప్పే అలవాటు మరమ్మతు రంగంలో కనబడుతున్నది. సామాన్య కుటుంబానికి బోర్డు ఖరీదు చిన్న భారం కాదు. కొత్త బోర్డు పెట్టిన పిదప కూడా అదే సంకేతం కనబడితే డబ్బుతో పాటు పనివానిపై నమ్మకం కూడా పోతుంది.

తనిఖీకి పూర్వం ప్రాణరక్షణ ముఖ్యం. 230 వోల్టుల ఏసీ విద్యుత్తును డీసీగా మార్చినప్పుడు కెపాసిటర్లలో దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి. ఎంసీబీ ఆపిన తరువాత కూడా ఆ విద్యుత్తు కొంతసేపు ఉంటుంది. కనుక తయారీదారు సూచించిన సమయం ఆగి, మీటరుతో కొలిచి, విద్యుత్తు లేదని రూఢి చేసుకొన్న పిమ్మటనే చేయి పెట్టవలెను. శిక్షణ లేనివారు మూత తీయరాదు.

ఇక తనిఖీ క్రమాన్ని పరిశీలింతము.

మొదటిది: బయటి యూనిట్‌కు విద్యుత్తు చేరుతున్నదో లేదో చూడవలెను. విద్యుత్తే చేరని యూనిట్ బదులు చెప్పజాలదు. లోపలి యూనిట్ దానిని సంకేత లోపంగానే చూపుతుంది.

రెండవది: టెర్మినళ్ల వరుస. లోపల 1 అని గుర్తు ఉన్న చోటి తీగ బయట కూడా 1 వద్దనే ఉండవలెను. న్యూట్రల్, సిగ్నల్ తీగలు తారుమారైతే సంభాషణ సాగదు, బోర్డుకు హాని కూడా కలుగవచ్చును. తీగ రంగును నమ్మరాదు. నడుమ అతుకు ఉన్నచోట రంగు మారి ఉండవచ్చును.

మూడవది: అతుకులు. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు మేడమీది ఎండకు ఎండి, వానకు తడిసి చిలుము పడుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాలలో ఉప్పుగాలి వలన ఈ లోపం త్వరగా వస్తుంది. ఎలుకలు కొరికిన తీగలు, బోర్డుపై చేరిన చీమలు, బల్లులు కూడా కారణాలే. వానాకాలంలో మాత్రమే వచ్చిపోయే లోపానికి తేమ పట్టిన అతుకును మొదట అనుమానింపవలెను.

నాలుగవది: తీగ నిరోధం. రెండు చివరలను బోర్డుల నుండి విడదీసి, ఒక చివర రెండు తీగలను కలిపి, రెండవ చివర ఓములలో కొలవవలెను. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ పది మీటర్ల పొడవుకు, రానుపోను కలిపి, పావు ఓము ప్రాంతంలో ఉంటుంది. అనేక ఓములు చూపితే అతుకులోనో తీగలోనో లోపం ఉన్నట్లు.

ఐదవది: నేలపై తాత్కాలికంగా కొత్త కేబుల్ పరచి రెండు యూనిట్లను కలిపి చూడవలెను. యంత్రం నడిచినచో పాత కేబులే దోషి. ఇంతకంటె నమ్మదగిన పరీక్ష అరుదు.

ఇవన్నీ సరిగా ఉన్నప్పుడు శిక్షణ పొందినవారు సిగ్నల్ తీగపై డీసీ వోల్టేజీని చూడవలెను. సంభాషణ జరుగుతుంటే మీటరు అంకెలు పైకి క్రిందికి కదులుతుంటాయి. కదలక ఒకేచోట నిలిస్తే ఏదో ఒక వైపు మౌనంగా ఉన్నదన్న మాట. బయటి ఫ్యాను మోటారు షార్టయినా బోర్డు మూగబోవచ్చును. దానిని విడదీసి చూచిన పిదపనే బోర్డును దోషిగా తేల్చవలెను.

తనిఖీ, మరమ్మతు అనే రెండు మాటలు ఉర్దూ ద్వారా మన తెలుగులో స్థిరపడినవి. వాటి వరుసను మరువరాదు: తనిఖీ ముందు, మరమ్మతు తరువాత. భౌతికశాస్త్ర తరగతిలో నేర్చిన ఓమ్ సూత్రం పరీక్షాపత్రంతో ముగిసేది కాదు. ఒక ఇంటి అనవసర వ్యయాన్ని ఆపినప్పుడు ఆ చదువు సార్థకమవుతుంది. మన విద్యార్థులలో ఈ వృత్తిని చేపట్టేవారు చేతినైపుణ్యంతో పాటు, కారణం తెలియనిదే తీర్పు చెప్పని నిజాయితీని కూడా అలవరచుకొనవలెనని కోరుచున్నాము.