రెండు సీట్లుంటే అది అల్ట్రాలైట్ కాదు

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఉంటున్నాం. నాది హెచ్-1బి వీసా. ఇక్కడ ఒకాయన రెండు సీట్ల జైరోప్లేన్ అమ్మకానికి పెట్టాడు. "ఇది అల్ట్రాలైట్. లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అన్నాడు. నమ్మి 1,000 డాలర్లు బయానా ఇచ్చాను. కొనవచ్చా? ఇండియా వెళ్లిపోయేటప్పుడు తీసుకెళ్లి మా ఊళ్లో ఎగరేసుకోవచ్చా?

జవాబు: మిగతా డబ్బు ఇవ్వకండి. అమ్మేవాయన చెబుతున్న మినహాయింపు అమెరికా చట్టంలో నిజంగానే ఉంది. 1982లో అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ తెచ్చిన 103వ భాగం నిబంధనల ప్రకారం అల్ట్రాలైట్‌కు రిజిస్ట్రేషన్ ఉండదు. నడిపేవారికి లైసెన్సు, వైద్య పరీక్ష, వయసు పరిమితి ఏవీ లేవు. కానీ ఆ మాట ఎంత చిన్న బండికి వర్తిస్తుందో చూడండి. ఒక్కరే కూర్చోవాలి. సరదాకో క్రీడకో తప్ప వాడకూడదు. ఇంజినున్న దాని ఖాళీ బరువు 254 పౌండ్లకు, అంటే సుమారు 115 కిలోలకు లోపే ఉండాలి. ట్యాంకులో 5 గ్యాలన్లకు మించి ఇంధనం పట్టకూడదు. గరిష్ఠ వేగం 55 నాట్లు దాటకూడదు. వీటిలో ఒక్కటి తప్పినా మినహాయింపు మొత్తం పోతుంది. మీ జైరోప్లేన్ సీట్ల దగ్గరే ఆగిపోయింది, తూకం దాకా వెళ్లే పనే లేదు.

ఒకప్పుడు శిక్షణ కోసమని రెండు సీట్ల అల్ట్రాలైట్లకు వెసులుబాటు ఉండేది. 2008 జనవరి 31తో అది ముగిసింది. "మా రోజుల్లో ఇలాగే ఎగరేసేవాళ్లం" అనే పెద్దాయనలు అబద్ధమాడడం లేదు, పాత సంగతి చెబుతున్నారు, అంతే. 2025 అక్టోబరు 22 నుంచి స్పోర్ట్ పైలట్లు, అంటే సరదాకు చిన్న విమానాలు నడిపే సర్టిఫికెట్ ఉన్నవారు, నడపదగ్గ విమానాల పరిధి పెంచారు గానీ అల్ట్రాలైట్ నిర్వచనం జోలికి పోలేదు. ఇంకో సంగతి: ఎఫ్ఏఏ అధికారి వచ్చి అడిగితే ఇది అల్ట్రాలైటేనని రుజువు చూపాల్సింది నడిపేవారే. అమ్మినాయన ఆ పూట అక్కడ ఉండడు.

సరే, రిజిస్టర్ చేయించుకుని నడుపుతానంటారా? మీ అసలు చిక్కు అక్కడే ఉంది. ఫెడరల్ చట్టం ప్రకారం అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్న శాశ్వత నివాసో అయితేనే మనిషి తన పేరిట విమానం రిజిస్టర్ చేయించుకోగలడు. హెచ్-1బి మీద ఇల్లు కొనుక్కోవచ్చు, కారు కొనుక్కోవచ్చు, జైరోప్లేన్‌ను మాత్రం మీ పేరిట రాయించుకోలేరు. పౌరుడైన ట్రస్టీ పేరిట ట్రస్టు పెట్టి నడిపే దారి ఒకటి ఉంది. ఇంత చిన్న వాహనానికి ఆ ఖర్చు దండగని నా అభిప్రాయం.

అయితే నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు. సొంతది లేకపోయినా శిక్షణ సంస్థ జైరోప్లేన్ మీద స్పోర్ట్ పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. 17 ఏళ్లు నిండాలి, ఇంగ్లిష్ రావాలి. కనీసం 20 గంటలు ఎగరాలి. అందులో 15 గంటలు ఇన్‌స్ట్రక్టర్ పక్కన, 5 గంటలు ఒంటరిగా. ఆపైన రాత పరీక్ష, ఎగిరి చూపించే పరీక్ష. మామూలు విమానం నేర్పే ఆయన సంతకం ఇక్కడ చెల్లదు. జైరోప్లేన్ నేర్పే అర్హత ఉన్నవారినే వెతుక్కోవాలి, అలాంటివాళ్లు తక్కువ. అమెరికా పౌరులు కానివారు, గ్రీన్‌కార్డు వాళ్లతో సహా, శిక్షణ మొదలుపెట్టకముందే రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏకు దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకోవాలి. "ముందు రెండు క్లాసులు కానిద్దాం, కాగితాలు తర్వాత చూద్దాం" అనే బడిలో చేరకండి.

స్పోర్ట్ పైలట్‌కు ప్రత్యేక వైద్య ధ్రువపత్రం బదులు అమెరికా డ్రైవింగ్ లైసెన్సు సరిపోతుంది. వినడానికి సులువుగానే ఉంది. కానీ అది ఆ రోజుకు చెల్లుబాటులో ఉండాలి. వీసా మీద ఉన్నవారి డ్రైవింగ్ లైసెన్సు గడువు బస గడువుతో ముడిపడి ఉంటుందని మీకు తెలుసు. పొడిగింపు కాగితం ఆలస్యమై లైసెన్సు గడువు దాటితే, కారుతోపాటు ఎగరడమూ ఆగిపోతుంది. మరో మెలిక: మీరు ఎప్పుడైనా ఎఫ్ఏఏ వైద్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేసి, చివరిసారి తిరస్కారం వచ్చి ఉంటే డ్రైవింగ్ లైసెన్సు దారి మూసుకుపోతుంది. బీపీకో మధుమేహానికో మందులు వాడుతున్నవారు "ఓసారి చూద్దాం" అని దరఖాస్తు పడేయకుండా, ముందే విమానయాన వైద్యుణ్ణి విడిగా సంప్రదించడం మేలు. ఫారం నింపాక మాత్రం ఏదీ దాచకండి. అబద్ధం రాస్తే అది ఫెడరల్ నేరం.

సర్టిఫికెట్ వచ్చాక ఒక్కరినే వెంట తీసుకెళ్లగలరు, అదీ కిరాయికి కాదు. పెట్రోలు ఖర్చు పంచుకుంటే సగానికి తగ్గకుండా మీరే భరించాలి. శిక్షణకు ముందు సంతకం పెట్టమనే "ప్రమాదం జరిగితే మా బాధ్యత లేదు" పత్రాన్ని పైపైన చూసి వదలకండి. వర్జీనియాలో అలాంటి పత్రం దెబ్బ తగిలినవారి హక్కును సాధారణంగా హరించలేదు. మీ టెక్సస్‌లో స్పష్టంగా, కొట్టొచ్చినట్టు రాసి ఉంటే చెల్లుతుంది. జీవిత బీమా పాలసీ కూడా తీసి చూడండి. సొంతంగా విమానం నడుపుతూ పోతే పరిహారం లేదనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది.

ఇక ఇండియా సంగతి. 103వ భాగం అమెరికా సరిహద్దు దాటి రాదు. మన దగ్గర 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 అమల్లో ఉంది. మైక్రోలైట్ అనే తేలికపాటి విమానమైనా జైరోప్లేన్ అయినా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్, పైలట్ లైసెన్సు ఉండాల్సిందే. పొలం మీదే కావచ్చు, ఆకాశానికి పట్టా ఉండదు. అదిగాక హైదరాబాద్‌లో పెద్ద కార్యక్రమాలప్పుడు పోలీసులు డ్రోన్లతోపాటు పారాగ్లైడర్లు, మైక్రోలైట్లనూ నిషేధిస్తూ ఉత్తర్వులిస్తుంటారు.

బయానా మాటకొస్తే, అమ్మకం ప్రకటనలో "అల్ట్రాలైట్, లైసెన్సు అక్కర్లేదు" అని ఉంటే అది తీసేయకముందే ఫొటో తీసి దాచుకోండి. డబ్బు పంపిన రుజువు, మెసేజ్‌లు జతచేసి, తప్పుడు వివరణ నమ్మి ఇచ్చానని, ఫలానా తేదీలోగా తిరిగివ్వాలని రాతపూర్వకంగా అడగండి. నోటీసు చేరినట్టు రసీదు వచ్చే పోస్టులో పంపండి. స్పందన లేకపోతే జస్టిస్ కోర్టుకు వెళ్లవచ్చు. 20,000 డాలర్ల దాకా దావాలు అక్కడ వింటారు, లాయరును పెట్టుకోవాలన్న నియమం లేదు. టెక్సస్ వినియోగదారుల మోసాల నిరోధక చట్టం కింద అదనపు పరిహారం కూడా అడగదలిస్తే, దావాకు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అందుకని ఆ ఉత్తరం ఈ వారమే రాయండి.