ఛందస్సంఖ్యలయందు అంత్యాంక పరీక్ష

పాదమున నెన్ని యక్షరములున్న అన్నిమాఱులు రెంటిని గుణింపగా ఆ ఛందమున బుట్టు సమవృత్తముల సంఖ్య వచ్చును. శార్దూలవిక్రీడితము చేరిన అతిధృతియందు (19) అవి 5,24,288. ఉత్పలమాల చేరిన కృతియందు (20) 10,48,576. ఇట్టి సంఖ్య పద్యమున భూతసంఖ్యాపదములతో చెప్పబడినపుడు, అంకములు కుడినుండి యెడమకు నడచును గాన, మొదటి పదమే ఏకస్థానమును తెలుపును.

కృతిసంఖ్యను చెప్పు పద్యమున 'రస' యని యుండవలసినచోట లేఖకుడు 'శర' యని వ్రాసెననుకొందము. ఆఱు ఐదైనది. రెండును లఘుద్వయములే, యతిప్రాసస్థానముల లేకున్నచో పరిష్కర్త చెవి దీనిని పట్టజాలదు. రెంటి ఘాతములన్నియు సరిసంఖ్యలే కావున 'శర' నిలువదు. మఱి 'కర' యనియున్నచో? రెండును సరిసంఖ్యయే. ఇచ్చటనే అంత్యాంకచక్రము అక్కఱకు వచ్చును.

గుణనఫలముయొక్క కడపటి యంకము గుణ్యముయొక్క కడపటి యంకమునే యాశ్రయించును. కావున 2, 4, 8, 6 అని వచ్చి, ఆఱును రెట్టింపగా 12 గనుక మరల రెంటికే చేరును. అక్షరసంఖ్యను నాలుగింట భాగింపగా శేషము 1 ఐన 2, 2 ఐన 4, 3 ఐన 8, నిశ్శేషమైన 6. ఇరువది నిశ్శేషము. 'కర' పాఠము త్యాజ్యము.

పింగళుడు ఛందశ్శాస్త్రాష్టమాధ్యాయమున చెప్పిన విధముననే, సగము చేసినచోట వర్గించుచు, ఒకటి తీసినచోట రెట్టించుచు, కడపటి యంకమును మాత్రము నిలుపుకొన్నను ఇదియే తేలును. ఉత్కృతికి 26, 13, 12, 6, 3, 2, 1, 0 అని దిగి, వెనుకకు 2, 4, 8, 4, 6, 2, 4 అని యెక్కవలెను. సంఖ్య 6,71,08,864. ఇరువదియాఱు ఛందముల సమవృత్తముల మొత్తము 2 యొక్క 27వ ఘాతమునుండి రెండు తీయగా వచ్చును. 8లో 2 పోగా 6. ప్రసిద్ధమైన 13,42,17,726 సరిపోయినది. విషమవృత్తసంఖ్య యైనచో, పాదాక్షరములు సరియైన 0తోను, బేసియైన 2తోను ముగియును. వేఱొక యంకమున్న పాఠమును చూచినంతనే శంకింపవచ్చును.

అంత్యాంకము కుదిరినంతనే పాఠము శుద్ధమని యెంచరాదు. రెండవ పదమున దోషముండవచ్చును. 22 మొదలు 26 వఱకు గల ఛందములకు చివరి రెండంకములు 04, 08, 16, 32, 64 అని జ్ఞాపకముంచుకొన్న ఆ దోషమును గూడ కొంత పట్టవచ్చును. కుదరనిచో తప్పున్నదనుట నిశ్చయము, కాని అది లేఖకునిదో గ్రంథకర్తదో గణితము చెప్పదు. ప్రతులన్నియు 'శర' యనియే యున్నచో మూలమున దానినే ముద్రించి, 'రస' యను సవరణను అధోజ్ఞాపికయందు చూపవలెను.