మనోవ్యాధి మందులు: దేహము తెలుపు సూచనలు

మన దేశములో మనోవ్యాధి చికిత్స చరిత్రయందు బళ్లారి జిల్లాకు ఒక ప్రత్యేక స్థానము కలదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము 1982లో ఏర్పడినది. దానిని ఒక జిల్లా అంతటను ఆచరణలో పెట్టి చూచుటకు బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థవారు ఎంచుకొన్నది ఈ జిల్లానే. 1985 మొదలు 1990 వరకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల డాక్టర్లకును, ఇతర సిబ్బందికిని శిక్షణ ఇచ్చి, కొద్దిపాటి ముఖ్యమైన మందులను ఊళ్ళకే చేర్చిరి. ఈ అనుభవమునే మాదిరిగా గైకొని 1996లో నాలుగు రాష్ట్రములలో ఒక్కొక్క జిల్లాయందు ఈ పని ఆరంభమైనది. ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడు ఎంపికైనది మెదక్ జిల్లా.

దీనివలన రోగి దూరపు ఆసుపత్రిలో పడియుండక, తన ఇంటనే మందు పుచ్చుకొనుచు, అంగడి పనియో వంట పనియో చూచుకొనుటకు వీలు కలిగినది. కాని అంతకుముందు ఆసుపత్రి నర్సు చూచుచుండిన పని ఇంటివారి మీద పడినది. బ్రూస్‌పేటలో కాపురముండు కుటుంబమైనను, పల్లెలోని కుటుంబమైనను ఇది ఒక్కటే. డాక్టరు నెలకొకసారి చూచును. మందు దేహములో కలిగించు మార్పును దినదినము చూడగలవారు తల్లి, భార్య, అన్నదమ్ములు మాత్రమే. చూచినదానిని మరియొకటిగా భ్రమించుటలోనే చిక్కు వచ్చుచున్నది.

చెట్టు మందైన యెడల ఇట్టి బాధ ఉండదని కొందరి నమ్మకము. ఇది సరికాదు. సర్పగంధ వేరు ఉన్మాదమునకును, రక్తపు పోటుకును పనిచేయునని 1931లో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోసు ప్రకటించిరి. 1952లో దానినుండి రిసర్పిన్ అను సారమును వేరు చేసిరి. ఆ సారము ముక్కు దిబ్బడను, కొందరియందు చేతుల వణుకును, తీవ్రమైన దిగులును కలిగించుట వైద్యులు చూచిరి.

1952లో పారిస్ నగరమున మనోవ్యాధులకు వాడుక మొదలైన క్లోర్‌ప్రోమజీన్, ఆ తరువాత వచ్చిన హాలోపెరిడాల్ మొదలగు మందులు మెదడులో కదలికలను నడపు భాగముపై కూడ పనిచేయును. మందు మొదలిడిన కొద్ది దినములలో, ముఖ్యముగ పడుచువారికి, మెడ ఒక ప్రక్కకు మెలి తిరుగుట, కనుగ్రుడ్లు పైకి పోవుట, దవడ బిగియుట కలుగవచ్చును. గాలి సోకినదని తాయెత్తు కట్టించుటకు పరుగెత్తువారు నేటికిని కలరు. ఆసుపత్రిలో తగిన ఇంజెక్షను ఇచ్చిన ఇది తరచుగ కొద్ది నిమిషములలోనే సడలును. ఊపిరి తీయుట కష్టమైనచో ఒక్క క్షణము ఆలస్యము చేయరాదు.

ఇంతకంటె తరచుగ పొరపాటు జరుగునది మరియొకటి. రోగి కూర్చుండలేడు, లేచి తిరుగును, మరల కూర్చుండును, కాళ్ళు నిలువవు. పిచ్చి ముదిరినదని ఇంటివారు అదే మాత్రను మరియొకటి మ్రింగించుదురు. బాధ మరింత పెరుగును. ఇది వ్యాధి కాకపోవచ్చును. మందు వలన కలిగిన అశాంతి కావచ్చును. “నీ మనస్సులో కలతయా, కాళ్ళలో కలతయా?” అని రోగినే అడిగిన పలుమారు నిజము బయటపడును.

చేతుల వణుకు, బిగువు తగ్గించుటకు వ్రాసెడి ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర నోరెండించును, మలబద్ధము చేయును, వృద్ధులకు మూత్రము బిగియవచ్చును. అది చెమటను కూడ తగ్గించును. ఎండ 40 డిగ్రీలు దాటెడి బళ్లారి వేసవిలో చెమట పట్టని దేహము వడదెబ్బకు సులువుగ లోనగును. రిస్పెరిడోన్ వలన కొందరు స్త్రీలకు ముట్టు నిలిచిపోవును, పాలు వచ్చును. సిగ్గుచే దీనిని దాచుకొనుట మంచిది కాదు. చెప్పిన డాక్టరు మందు మార్చగలడు. క్లోజపిన్ పుచ్చుకొనువారికి జ్వరము, గొంతు నొప్పి వచ్చిన రక్తపరీక్ష ఆ దినమే కావలెను. ఏ మందైనను సరే, అధిక జ్వరము, కొయ్యవలె బిగిసిన దేహము, తెలివి తప్పుట మూడును కలిసిన ప్రాణాపాయమే.

లిథియం సంగతి వేరుగ చెప్పవలసియున్నది, ఉపవాసములు చేయు కుటుంబములకు మరియును. ఉన్మాదము, దిగులు మారిమారి వచ్చెడి వ్యాధికి ఇది గొప్ప మందు. దీని గుణమును ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ 1949లో వెల్లడించెను. కాని మేలు చేయు మోతాదుకును విషమగు మోతాదుకును నడుమ ఎడము చాల తక్కువ. రక్తములో లీటరుకు 0.6 మొదలు 1.0 మిల్లీమోలు వరకు సాధారణముగ మేలు; 1.5 దాటిన అపాయము. దేహములో నీరు, ఉప్పు తగ్గినపుడు మూత్రపిండములు సోడియమును విడువక పట్టుకొనును. దానితోపాటు లిథియమును కూడ పట్టుకొనును. అనగా ఒక్క మాత్రయైనను అదనముగ మ్రింగకయే రక్తములో మందు పెరుగును.

చైత్రమాసమున తొమ్మిది దినములు సాగెడి ఆయంబిల్ ఓళీ సరిగా బళ్లారి ఎండలలో వచ్చును. ఆ భోజనములో ఉప్పును విడుచుటయు, సూర్యాస్తమయము తరువాత నీరు ముట్టకుండుటయు కలవు. పర్యూషణములో చౌవిహార ఉపవాసము చేయువారు పగలును నీరు త్రాగరు. తలనొప్పి వచ్చినదని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మ్రింగినచో లిథియం మరింత పెరుగును. వేళ్ళలో సన్నని వణుకు లిథియం వాడువారిలో మామూలే. గ్లాసులో నీరు తొణికిపోవునంత వణుకు, తూలుచు నడుచుట, నాలుక తడబడుట, వాంతులు, విరేచనములు, మగత కనబడిన అది ఉపవాసపు నీరసమని పరుండబెట్టరాదు. ఆ పూట లిథియం ఆపి, వెంటనే ఆసుపత్రికి కొనిపోయి రక్తములో లిథియం పరీక్ష చేయుడని అడుగవలెను.

కావున ఉపవాసమునకు కొన్ని వారములు ముందే డాక్టరుతో మాటలాడవలెను. ప్రత్యాఖ్యానములో ఆగారములను మినహాయింపులు కలవు. తీవ్రవ్యాధిచే సమాధి చెడునప్పుడు మందు పుచ్చుకొనుటకు వీలిచ్చునది వానిలో ఒకటి. అనశనము ద్వాదశ తపస్సులలో ఒకటి మాత్రమే. స్వాధ్యాయము, వైయావృత్త్యము కూడ తపస్సులే. అనశనము కొరకు మాత్రలను తమంతట మానుట మాత్రము కూడదు. ఉన్నట్టుండి మానిన వ్యాధి తిరుగబెట్టును. క్లోనజెపామ్ వంటిది మానిన మూర్ఛలు సైతము రావచ్చును.

రాత్రి భోజనము లేని ఇండ్లలో రాత్రి మాత్ర చిక్కు కూడ కలదు. సూర్యాస్తమయమునకు ముందే మ్రింగవచ్చునా అని అడిగిన డాక్టరు వేళ సర్దగలడు. లురాసిడోన్ వంటివి భోజనముతో మ్రింగినగాని సరిగా ఒంట పట్టవు. ఖాళీ కడుపున మ్రింగి గుణము లేదనుట వ్యర్థము. ఏ మందు ఏ తేదీన మొదలైనది, బాధ ఏ తేదీన కనబడినది, ఇవి రెండు ఒక కాగితముపై వ్రాసి తీసికొనిపోయిన డాక్టరుకు సగము పని తీరును. కన్నడములో చెప్పుట చేతకానివారు తెలుగులోనే వ్రాయించుకొనవచ్చును. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వపు టెలీ మానస్ ఫోను 14416లో తెలుగున మాటలాడువారు కూడ దొరకుదురు.