రెండు బ్యాటరీల బోటు

కాకినాడ రేవు. సాయంకాలం వేళ. చెల్లి ఎండు చేపలు గంపలోకి ఎత్తుతోంది. అక్క వచ్చి పక్కన కూర్చుంది.

“ఏం చెల్లీ, దిగులుగా ఉన్నావు?”

“ఏం చెప్పమంటావు అక్కా! మొన్న రాత్రి మా బోటు లంగరు వేసి ఉంది. ఇంజను ఆపేశారు. తెల్లవార్లూ స్టీరియోలో పాటలు పెట్టుకున్నారు. తెల్లారి చూస్తే బ్యాటరీ అయిపోయింది. ఇంజను స్టార్ట్ కాలేదు. వైర్‌లెస్ పలకలేదు. పక్క బోటు వాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు.”

“అదే తుఫాను రోజైతే? 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను మరిచిపోగలమా? వేటకు వెళ్లిన వాళ్లు ఎందరో తిరిగి రాలేదు. ఒడ్డు చేరాలంటే ఇంజను తిరగాలి. కబురు అందాలంటే వైర్‌లెస్ పలకాలి.”

“పాటలు మానెయ్యమందామా?”

“మానక్కరలేదు. రెండు బ్యాటరీలు పెట్టించు. మీ బావ అలాగే పెట్టించారు.”

అక్క ఇలా చెప్పింది.

ఒకటో బ్యాటరీ ఇంజను స్టార్ట్ చేయడానికే. రెండోది దీపాలకు, వైర్‌లెస్‌కు, స్టీరియోకు. రెంటికీ కలిపి ఒక స్విచ్ ఉంటుంది.

ఇంజను నడిచేటప్పుడు స్విచ్ ‘రెండూ’ మీద ఉంచాలి. అప్పుడు రెండూ ఛార్జి అవుతాయి. లంగరు వేసి ఇంజను ఆపగానే ‘2’ మీదికి తిప్పాలి. మరిచిపోతే రెండూ అయిపోతాయి. తెల్లారి ‘1’ మీదికి తిప్పి స్టార్ట్ చేయాలి. ఇంజను తిరుగుతుండగా ‘ఆఫ్’ చేయకూడదు. ఛార్జి చేసే డైనమో పాడవుతుంది.

“మరి పాటలు ఎంతసేపు వినొచ్చు?”

“బ్యాటరీని నీళ్ల తొట్టి అనుకో. మా రెండో బ్యాటరీ మీద 100 ఆంపియర్ గంటలు అని రాసి ఉంది. అంటే 100 బిందెల తొట్టి. సగమే వాడాలి. మించితే బ్యాటరీ త్వరగా చెడుతుంది. అంటే మనకున్నవి 50 బిందెలు. గంటకు దీపాలు 3, వైర్‌లెస్ 1, స్టీరియో 6 బిందెలు తాగుతాయి. మొత్తం 10. అంటే 5 గంటలే వస్తుంది. స్టీరియో ఆపేస్తే గంటకు 4 చాలు. 12 గంటలకు పైనే వస్తుంది.”

“అమ్మో! పాటలే ఎక్కువ తాగుతున్నాయన్నమాట!”

“అవును. ఇంకోటి. ఏమీ వాడకుండా కొన్ని గంటలు ఉంచి మీటరు చూడు. 12.6 వోల్టులు ఉంటే నిండా ఉన్నట్టు. 12.2 ఉంటే సగమే. ఇప్పుడు మనకు అంకెలు చదవడం వచ్చు కదా! బోటు రేవుకొచ్చినప్పుడు మనమే చూసుకోవచ్చు.”

చెల్లి నవ్వింది. “ఈసారి పొదుపు సంఘం అప్పు తీసుకుంటే ముందు బ్యాటరీయే కొంటాను అక్కా.”

జాగ్రత్తలు

బ్యాటరీలను పెట్టెలో పెట్టి కదలకుండా కట్టాలి.
పెట్టెకు గాలి ఆడాలి. దగ్గర బీడీ కాల్చకూడదు.
ఉప్పునీరు లోపలికి పోనివ్వకూడదు. యాసిడ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది.
నీళ్లు పోసే బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే పోయాలి.
వైరుకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి.

చెప్పండి

1. లంగరు వేశాక స్విచ్ ఎక్కడ ఉంచాలి? ఎందుకు?
2. అక్క బోటులో 2 గంటలు పాటలు విని స్టీరియో ఆపేశారు. దీపాలు, వైర్‌లెస్ ఇంకా ఎన్ని గంటలు వస్తాయి?