మరక ఒకచోట, దారి మరోచోట

కిటికీ కింద గోడ మీద తడి మరక కనిపించగానే చెయ్యి సిలికాన్ ట్యూబు మీదికే పోతుంది. కనబడ్డ ప్రతి సందూ పూడ్చేస్తాం. నాలుగు రోజులు వాన లేకపోతే పని అయిపోయిందనుకుంటాం. మళ్లీ గాలివాన కొడుతుంది. అదే మరక, ఇంకాస్త పెద్దదై వస్తుంది. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో విక్టోరియా కాలపు ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఈ తంటా చెప్పనక్కర్లేదు.

లోపం చేతిపనిలో లేదు, తొందరలో ఉంది. ముందు నీటి దారి తెలుసుకోండి. పూడ్చడం ఆ తర్వాతి పని. ఈ క్రమశిక్షణ ఒక్క కిటికీ దగ్గర అలవడినా చాలు, ఉద్యోగంలో పదేపదే తలెత్తే చిక్కు ముందు మీరు నిలబడే తీరే మారిపోతుంది.

ఆ ఇళ్లలో ఉండే సాష్ కిటికీ మన ఊళ్ల కిటికీలా రెక్కలు తెరుచుకునేది కాదు. రెండు చెక్క చట్రాలు ఒకదాని వెనక ఒకటి పైకీ కిందికీ జారతాయి. అవి ఆపినచోట ఆగడానికి పక్కనున్న బోలు పెట్టెల్లో పోత ఇనుప బరువులు తాళ్లకు వేలాడుతుంటాయి. అగ్ని ప్రమాదాల భయంతో 1774 నాటి లండన్ భవన చట్టం ఆ పెట్టెలను బయటి ఇటుక వెనక దాచి కట్టమంది. చూపుకు అందంగానే ఉంటుంది గానీ, దారి వెతికేవాళ్లకు ఇదే పరీక్ష. పైమూలన ఇటుకకూ చెక్కకూ మధ్య దూరిన నీరు ఎవరికీ కనబడకుండా ఆ బోలులో జారి, కింద సిల్ (కిటికీ అడుగు పలక) చివరన తేలుతుంది. ఒక్కోసారి కిటికీ తప్పే ఉండదు. పైన పగిలిన గట్టరు నుంచో, పిట్టగోడ పగులు నుంచో, లింటెల్ మీది బీట నుంచో దిగిన నీరు కిటికీ దగ్గర బయటపడుతుంది. మరక దగ్గరే నిలబడి తీర్పు చెప్పేయకండి.

అసలది వాన నీరేనా? చలి పొద్దుల్లో లోపలి ఆవిరి చల్లటి అద్దానికి తగిలి నీరై, కింది పట్టీ మీద చేరుతుంది. వాన లేని రోజున కూడా తడి ఉంటే అనుమానం ముందు దాని మీదే పెట్టండి. ఒక చిన్న పుస్తకం తీసుకుని తేదీ, వాన, గాలి వీచిన దిక్కు, తడి కనిపించిన చోటు రాసుకోండి. బ్రిటన్‌లో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. ఆ వైపు గోడకే ఏటవాలు జల్లు గట్టిగా కొడుతుంది. నైరుతి గాలి ఉన్నప్పుడే మరక తడిస్తోందని పుస్తకం చెబితే సగం జవాబు చేతికందినట్టే. జ్ఞాపకం మనకు నచ్చిన కథ అల్లుతుంది. రాతకు ఆ మొహమాటం లేదు.

తర్వాత పొడిగా ఉన్న రోజు చూసుకుని పైపుతో తడిపి చూడండి. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు బయట పైపు పట్టుకుంటే, ఇంకొకరు లోపల టార్చి వేసి చూస్తుండాలి. నీటిని వానలా మెల్లగా పారనివ్వండి. ధారగా కొడితే ఏ వానా దూరని సందులోకీ నీరు పోతుంది, జవాబు తప్పుతుంది. ముఖ్యమైన సంగతి, కింది నుంచి మొదలుపెట్టాలి. ముందు సిల్, కాసేపాగి పక్క అంచులు, తర్వాత రెండు చట్రాలూ కలిసే చోటు, చివరికి పైభాగం. పైనుంచి మొదలుపెడితే నీరు జారి అన్నిటినీ ఒకేసారి తడుపుతుంది, దోషి ఎవరో తేలదు. పాత గోడల్లో తడి లోపలికి రావడానికి గంట కూడా పట్టవచ్చు. అంతసేపూ పైపు కదపకుండా ఉండగలగడమే ఇందులో కష్టమైన పని. మేడ మీది కిటికీ అయితే నిచ్చెన మీద సాహసాలు వద్దు, పని తెలిసినవాళ్లను పిలవండి.

పైపు తెచ్చే ముందే సిల్ అడుగున వేలు పెట్టి చూడమంటాను. అక్కడ పొడవునా సన్నటి గాడి ఉండాలి. అంచు దాటిన నీరు అడుగున పాకుతూ గోడ వైపు వస్తుంటే, ఆ గాడి దాన్ని ఆపి చుక్కగా కింద రాలుస్తుంది. ఏళ్ల తరబడి పూత మీద పూత పడి ఆ గాడి పూడిపోతుంది. దాన్ని గీకి తెరిస్తే చాలు, ఎన్నో ఇళ్లలో సగం బాధ తీరుతుంది. సిలికాన్‌తో ఆ గాడినే మూసేసినవాళ్లూ ఉన్నారు. నీటిని బయటికి పంపే దారిని మూయడం కన్నా పెద్ద హాని లేదు. లోపల చిక్కిన తడి చెక్కను తినేస్తుంది.

దారి దొరికాక మరమ్మతు సూటిగా సాగుతుంది. సూదిమొన పనిముట్టుతో చెక్కను గుచ్చి చూడండి. మెత్తగా దిగితే కుళ్లు ఉన్నట్టే. కుళ్లినంత మేర కోసి కొత్త కలప అతకమని వడ్రంగిని అడగండి, కిటికీ మొత్తం మార్చమని అప్పుడే అనకండి. ఆనాటి పైన్ కలప నిదానంగా పెరిగిన చెట్లది, గట్టిది. అద్దం చుట్టూ చిట్లిన పుట్టీ తీసి అవిసె నూనె పుట్టీ పెట్టించండి. రంగు అద్దం మీదికి సన్నటి గీతలా రెండు మిల్లీమీటర్లు పాకితేనే ఆ అతుకు మూసుకుంటుంది. 1960లకు ముందటి పూతల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా రుద్ది దుమ్ము లేపకండి, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో. చారిత్రక కట్టడాల జాబితాలో ఉన్న ఇల్లయితే కిటికీ మార్చే ముందు స్థానిక కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. అన్నీ కలిపి చేస్తే నీరు ఆగవచ్చు, కానీ దేనివల్ల ఆగిందో తెలియదు, మరో కిటికీ కారినప్పుడు మళ్లీ మొదటికే వస్తారు. పని అయ్యాక అదే పైపుతో, అదే వరుసలో తడిపి చూడండి. పుస్తకంలో రాయడం ఇంకో శీతాకాలం దాకా మానకండి. లోపలి గోడకు రంగు వేయడానికి మాత్రం ఆగండి. నీరు ఆగినా, ఆ మందపాటి ఇటుక గోడ ఆరడానికి నెలలు పడుతుంది.