ప్రతీకార ధర్మము – హైదరాబాదు వివాదము

ప్రత్యపకారము వేరు, ధర్మబద్ధమైన ప్రతిచర్య వేరు. ఈ రెంటి నడుమ గల హద్దును పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. కౌటిల్యుడు అర్థశాస్త్ర సప్తమాధికరణమున షాడ్గుణ్యమును వివరించుచు పణబంధమును సంధిగాను, అపకారమును విగ్రహముగాను నిర్వచించినాడు. పరరాజ్యమునకు చేయు అపకారము ఎప్పుడు దోషరహితమగునన్నది ఆధునిక అంతర్జాతీయ న్యాయమున ముఖ్యమైన ప్రశ్న.

1914లో అంగోలాలోని పోర్చుగీసు స్థావరమైన నౌలిలా వద్ద జర్మను అధికారులు కొందరు మరణించిరి. ప్రతిగా జర్మను సేనలు పోర్చుగీసు స్థావరములపై దాడి చేసినవి. 1928లో మధ్యవర్తుల న్యాయపీఠము ఆ దాడులను అక్రమములని నిర్ణయించి మూడు నియమములు చెప్పినది. ఎదుటిపక్షము ముందుగా న్యాయోల్లంఘనము చేసియుండవలెను. పరిహారము కోరినను లభింపకుండవలెను. ప్రతిచర్య అపరాధమునకు మిక్కిలి మించరాదు. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘము 2001లో రూపొందించిన సూత్రములు బలప్రయోగమును, మౌలిక మానవహక్కుల భంగమును నిషేధించినవి. ఉభయులు అంగీకరించిన వివాద పరిష్కార మార్గమును విడువరాదన్నవి.

ఈ విచారమునకు తెలుగునేలపై 1948 నాటి హైదరాబాదు వివాదము తగిన ఉదాహరణము. నేడు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము నెలకొన్న షామీర్‌పేట, పొరుగున గల మేడ్చల్ నాడు నిజాం సంస్థానములోనివి. 1947 నవంబరు 29న యథాతథ ఒడంబడిక కుదిరినది. పిమ్మట నిజాం ప్రభుత్వము భారత నాణెముల చెలామణిని, విలువైన లోహముల ఎగుమతిని నిరోధించినది. పాకిస్తానునకు 20 కోట్ల రూపాయల ఋణమిచ్చినది. ఇది ఒడంబడికకు భంగమని భారత ప్రభుత్వము ఆక్షేపించినది. రజాకార్ల దౌర్జన్యములను ఎత్తిచూపినది. ఔషధములు సైతము రాకుండ భారతము ఆర్థిక దిగ్బంధము చేసినదని నిజాం ప్రభుత్వము ఆరోపింపగా, భారత ప్రభుత్వము కాదన్నది. 1948 ఆగస్టు 21న నిజాం ఫిర్యాదు భద్రతామండలికి వెళ్లినది. సెప్టెంబరు 13న సైనికచర్య ఆరంభమై 17న లొంగుబాటుతో ముగిసినది. 22న నిజాం ఫిర్యాదును ఉపసంహరించుకొన్నాడు.

హైదరాబాదు స్వతంత్ర రాజ్యము కాదు, ఇది అంతరంగిక విషయమని భారత పక్షము. ఆ పక్షము నిలిచినచో పై నియమములకు ఇచట ప్రసక్తి లేదు. రాజ్యమే అన్నచో, సైనికచర్య బలప్రయోగము గావున ప్రతిచర్యా నియమములతో సమర్థింపరాదు. దిగ్బంధమొక్కటే వాని పరీక్షకు నిలుచును. 1948 నాటికి 2001 సూత్రములు లేవు, కాని 1928 నియమములు గలవు. అంతకు మించి, ఇరుపక్షముల నుండి ఒక్కొక్క మధ్యవర్తి, వారిపై ఒక నిర్ణేత వివాదమును తీర్పవలెనని ఒడంబడికలోనే గలదు. ఆ మార్గము ఆచరణకు రాలేదు. అందుచే ఉల్లంఘనము జరిగినదా అను మొదటి ప్రశ్నకు తటస్థమైన సమాధానము రాక, వాదియే న్యాయనిర్ణేతయైనాడు.

ప్రతీకారమును ధర్మముగా నిలుపునది బలము కాదు, క్రమము. ఔషధము నాపిన శిక్ష అపరాధియైన ప్రభుత్వమును దాటి రోగిని తాకును. అట్టి శిక్ష ఎవరు విధించినను ప్రతిచర్య యనిపించుకొనదు. అది కౌటిల్యుడు చెప్పిన విగ్రహమే.